జపాన్ సాటర్న్‌కి ఎంత పెట్టొచ్చు: పాత కన్సోళ్లకు నేను ధర కట్టే లెక్క

మీరు అడిగింది ఇదీ: జపాన్ మార్కెట్ కోసం చేసిన సెగా సాటర్న్ (టీవీకి కలిపి గేములు ఆడుకునే పాత కన్సోల్) ఒకటి, రెండు కంట్రోలర్లు, ఆరు గేములతో కలిపి అమ్మకానికి కనబడింది. అమ్మేవారు "చాలా అరుదైనది, పనిచేస్తుంది" అని మాత్రమే రాశారు. ఇంచుమించు అలాంటి సరుకే ఒకచోట సగం ధరకు, ఇంకోచోట రెట్టింపు ధరకు ఉంది. ఏది న్యాయమైన ధర, మోసపోకుండా ఎలా కొనాలి అని.

ఒక అంకె చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ ఆ అంకె వచ్చే ఏడాదికి పనికిరాదు, మీరు చూస్తున్న పెట్టెకి ఇవాళే సరిపోకపోవచ్చు. ఇరవై ఏళ్లకు పైగా ఇవి కొంటూ, విప్పుతూ, బాగుచేస్తూ ఉన్నాను కాబట్టి నేను ధర ఎలా కడతానో చెబుతాను. నా దృష్టిలో ధర అంటే, ఆ కన్సోల్ మీ ఇంట్లో, మీ తెర మీద, ఒక గంటసేపు ఆగకుండా గేమ్ ఆడించే దాకా మీ జేబులోంచి పోయే డబ్బంతా. అమ్మేవారికి ఇచ్చేది అందులో ఒక భాగం. దిగుమతి విషయంలో చాలాసార్లు అది సగం కూడా ఉండదు.

ముందు అడుగుతున్న ధరనీ అమ్ముడుపోయిన ధరనీ వేరుచేసి చూడటం అలవాటు చేసుకోండి. ఎవరైనా ఏ అంకెనైనా రాసి ఏళ్ల తరబడి అలాగే ఉంచుకోవచ్చు. ఈబేలో అమ్ముడైనవి మాత్రమే చూపించే వడపోత ఉంది, అది పెట్టుకుని ఇటీవలి అమ్మకాలు చూడండి. అందులోనూ ఒక తిరకాసు ఉంది: బేరం కుదిరి తక్కువకు ఇచ్చినచోట మొదట అడిగిన ధరనే కొట్టివేసి చూపిస్తారు, నిజంగా చేతులు మారిన మొత్తం కనిపించదు. కాబట్టి కొట్టివేసిన అంకెలు పక్కన పెట్టండి. మిగిలిన వాటిలో మీ సరుకుతో పోలిక ఉన్న పదింటిని తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా రాసి మధ్యలోది చూడండి. సగటు తీయకండి. సీలు విప్పని పెట్టె ఒక్కటి ఉంటే చాలు, సగటు ఎక్కడికో వెళ్లిపోతుంది. ప్రైస్‌చార్టింగ్ లాంటి సైట్లు విడిగా ఉన్నదానికి, పెట్టెతో ఉన్నదానికి, కొత్తదానికి వేర్వేరుగా ధరలు చూపిస్తాయి. తొలి అంచనాకు బాగానే ఉంటాయి. గేముల విషయంలో నమ్మొచ్చు, కన్సోళ్ల విషయంలో అంతగా నమ్మను. కొత్త లెన్స్ వేసిన సాటర్న్, డిస్కు సరిగ్గా చదవని సాటర్న్ రెండూ ఆ లెక్కలో ఒకే గంపలో పడతాయి.

ఇక "అరుదు" అన్న మాట. దీనికి మీరు ఒక్క పైసా కూడా అదనంగా ఇవ్వాల్సిన పనిలేదు. సాటర్న్ జపాన్‌లో 1994 నవంబరు 22న వచ్చింది. ప్రపంచం మొత్తం మీద దాదాపు 92 లక్షలు అమ్ముడైతే అందులో సగానికి పైగా జపాన్‌లోనే. నింటెండో వారి ఫామికామ్, దాని పాశ్చాత్య రూపమైన ఎన్‌ఈఎస్ కలిపి 6 కోట్లు దాటాయి. దాని తర్వాతి తరమైన సూపర్ ఫామికామ్ ఒక్క జపాన్‌లోనే 1 కోటి 70 లక్షలకు పైగా. ఇలాంటి యంత్రాలు అరుదు కావు. అరుదైనది మంచి స్థితిలో ఉన్న యంత్రం, లేదా కొందరే కొన్న ఒకానొక గేమ్. పైగా అరుదుగా దొరికినంత మాత్రాన విలువ రాదు, వెతుక్కునేవాళ్లు కూడా ఉండాలి. జపాన్‌లో వచ్చిన పాత బేస్‌బాల్ గేములు, మాజాంగ్ గేములు ఎంత తక్కువ కనిపించినా చాలావరకు నామమాత్రపు ధరకే పోతాయి. మీ ఆరు గేముల్లో ఏవి ఉన్నాయో మీరు రాయలేదు. అసలు విషయం అక్కడే ఉంది. వర్చువా ఫైటర్ 2 జపాన్‌లో 10 లక్షలకు పైగా అమ్ముడైంది, గేముగా అద్భుతం, ధరగా చాలా చవక. అదే 1998 నాటి రేడియంట్ సిల్వర్‌గన్ ఉంటే ఆ ఒక్క డిస్కు కన్సోల్ కంటే ఎక్కువ పలుకుతుంది. ఆరు గేములు అని లెక్కపెట్టకండి, ఏ ఆరు అని అడగండి.

భాష కూడా ధరను తలకిందులు చేస్తుంది. జపాన్‌లో 1994లో వచ్చిన మదర్ 2, మరుసటి ఏడాది అమెరికాలో ఎర్త్‌బౌండ్ పేరుతో వచ్చింది. అమెరికా కార్ట్రిడ్జ్ (గేమ్ ఉండే ప్లాస్టిక్ డబ్బీ) ఖరీదు చూస్తే కళ్లు తిరుగుతాయి, జపాన్ కార్ట్రిడ్జ్ అందులో చిన్న ముక్కకి దొరుకుతుంది. కానీ అది మాటలతో నడిచే గేమ్, జపనీస్ రాకపోతే చవకగా కొని అరలో పెట్టుకోవడమే. కాల్పుల గేములు, పోట్లాట గేములు, దూకుతూ పరిగెత్తే గేములకు భాషతో పెద్దగా పనిలేదు. దిగుమతి చేసుకోదగ్గవి అవే. ఇంకో సంగతి, ఐరోపాకు వచ్చిన పాత పాల్ (అక్కడి టీవీ పద్ధతి) రూపాలు సెకనుకు 50 సార్లు తెర గీస్తాయి, జపాన్, అమెరికా రూపాలు 60 సార్లు. సరిగ్గా సర్దకుండా వదిలేసిన పాల్ గేములు ఆరో వంతు నెమ్మదిగా, పైనా కిందా నల్ల పట్టీలతో నడుస్తాయి. జపాన్ సాటర్న్ మీద మీకు ఆ బాధ లేదు, ఆ ఒక్క కారణంతోనే నేను కొంచెం ఎక్కువ పెట్టడానికైనా సిద్ధపడతాను.

2021లో జరిగిన వేలాలు కూడా చాలామంది అమ్మకందారుల తలల్లో తిరుగుతున్నాయి. ఆ ఏడాది జులైలో సీలు విప్పని సూపర్ మారియో 64 ఒకటి 15 లక్షల 60 వేల డాలర్లకు పోయింది. అది పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టెలో మూసేసి, స్థితికి మార్కులు వేయించిన వస్తువు. దానికీ మీ అల్మారాలో గీతలు పడ్డ కార్ట్రిడ్జ్‌కీ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా. ఆ వార్త చూపించి ఎవరైనా ధర పెంచితే నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఇప్పుడు అసలైన చోటికి వద్దాం: స్థితి. పాత కన్సోళ్లలో పైన పటారం లోన లొటారం అన్నది చాలా ఎక్కువ. పసుపెక్కిన ప్లాస్టిక్ చూసి జనం భయపడతారు, మెరిసే పెట్టె చూసి మురిసిపోతారు. నాకు పసుపు రంగు చాలాసార్లు మేలే చేసింది, ధర తగ్గించి లోపల శుభ్రంగా ఉన్న బోర్డును ఇచ్చింది. చూడాల్సింది లోపల ఏముందో. ఒక్కో యంత్రానికి ఒక్కో జబ్బు ఉంటుంది, అది తెలిస్తే ధర దానంతట అదే తేలుతుంది.

1980ల చివర, 1990ల మొదట్లో బోర్డు ఉపరితలం మీద అతికించిన చిన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు (కరెంటును కాసేపు నిల్వచేసే భాగాలు) కాలక్రమేణా కారతాయి. ఆ ద్రవం రాగి గీతలను తినేస్తుంది. చేత్తో పట్టుకుని ఆడే సెగా గేమ్ గేర్‌లో ఇది దాదాపు ఖాయం: శబ్దం సన్నబడుతుంది, తెర వెలిసిపోతుంది, చివరకు ఆన్ కాదు. అందులో ప్రధాన బోర్డు, శబ్దపు బోర్డు, కరెంటు బోర్డు అని మూడు ఉంటాయి, మూడింటి మీదా కెపాసిటర్లు మార్చాలి. కాబట్టి "పనిచేస్తుంది" అన్న గేమ్ గేర్ కెపాసిటర్లు మార్చనిదైతే దాన్ని నేను పాడైనదాని ధరకే కొంటాను, ఈరోజు కాకపోతే రేపు అవే మార్చాలి గనుక. పీసీ ఇంజిన్ డ్యువో కూడా ఇదే కోవ. తొలి ఎక్స్‌బాక్స్‌లో గడియారం కోసం పెట్టిన కెపాసిటర్ కారి బోర్డును తింటుంది, చివరి 1.6 రూపం తప్ప మిగతావాటిలో అది తీసేశారా లేదా అని అడగకుండా కొనకండి. 1986లో వచ్చిన ఫామికామ్ డిస్క్ సిస్టమ్‌లో రబ్బరు బెల్టు జిగురుగా కరిగిపోతుంది. బెల్టు ఖరీదు గోరంత, కానీ మార్చాక డిస్కు చదివే హెడ్‌ను సరిచేసే పనికి ఓపిక కావాలి.

మరోవైపు పాడైందని పక్కన పడేసిన వాటిలో తేలికగా లేచి కూర్చునేవి ఉన్నాయి. నింటెండో 64 ముందుభాగంలో మూత కింద జంపర్ పాక్ గానీ, 4 ఎంబీ మెమరీ ఉన్న ఎక్స్‌పాన్షన్ పాక్ గానీ ఉండాలి. రెండూ లేకపోతే బొమ్మే రాదు. ఎక్స్‌పాన్షన్ పాక్‌కు విడిగా మంచి ధర ఉంది కాబట్టి దాన్ని తీసి అమ్ముకుని, ఖాళీ కన్సోల్‌ని పాడైందని వదిలేసేవాళ్లు ఉంటారు. డ్రీమ్‌కాస్ట్ ఆడుతుండగా తనంతట తాను మళ్లీ మొదలవుతుంటే చాలాసార్లు తప్పు లోపలి పవర్ సప్లై పిన్నుల మీద పట్టిన పొరదే, తుడిస్తే పోతుంది. ముందునుంచి కార్ట్రిడ్జ్ పెట్టే ఎన్‌ఈఎస్‌లో ఎర్రదీపం మిణుకుమంటే చాలాసార్లు 72 పిన్నుల కనెక్టర్ వదులైందని అర్థం. ఇవి తెలిసినవాడికి పాడైన సరుకు పండుగే. తెలియకపోతే మాత్రం దూరంగా ఉండండి, మరమ్మతు రానివాళ్లకు చవక సరుకు చివరకు ఖరీదైనదిగా తేలడం చాలాసార్లు చూశాను.

మీ సాటర్న్ విషయానికి వస్తే నేను చూసేవి నాలుగు. మొదటిది లేజర్: డిస్కు పెట్టాక ఎంతసేపటికి చదువుతుంది, ఆటలో వీడియో భాగాలు తడబడకుండా నడుస్తున్నాయా. రెండోది వెనకవైపు చిన్న మూత కింద ఉండే సీఆర్2032 బటన్ సెల్. అది అయిపోతే తేదీ, దాచుకున్న ఆట పోతాయి, అంతే. దాన్ని లోపంగా చూపించి బేరమాడటం సరికాదు, మీరే నిమిషంలో మార్చుకోగలరు. మూడోది పైనున్న కార్ట్రిడ్జ్ స్లాట్. సాటర్న్‌కి ఇది అసలైన బలహీనత, వదులైపోతే పెట్టిన కార్ట్రిడ్జ్‌ని గుర్తించదు. ఎక్స్-మెన్ వర్సెస్ స్ట్రీట్ ఫైటర్, వాంపైర్ సేవియర్ లాంటివి అదనపు మెమరీ ఇచ్చే 4 ఎంబీ ర్యామ్ కార్ట్రిడ్జ్ లేకుండా అసలు నడవవు, అందుకే స్లాట్ బాగోకపోతే నేను ధర గట్టిగా తగ్గిస్తాను. నాలుగోది డిస్కులు: వెనక గీతలకంటే బొమ్మ ఉన్న వైపు దెబ్బలు ప్రమాదం. దీపానికి ఎదురుగా పట్టి చూస్తే సూదిబెజ్జాల్లాంటి వెలుతురు కనబడితే అక్కడ సమాచారపు పొర ఊడిపోయినట్టే, పాలిష్ చేసినా రాదు.

వాడిన కంట్రోలర్ల సంగతి చాలామంది మరిచిపోతారు. నింటెండో 64 కంట్రోలర్ కర్ర వదులుగా ఊగుతూ గుంటలో తెల్లటి పొడి కనబడితే అది అరిగి చివరికొచ్చిందని లెక్క. సాటర్న్ జపాన్ కంట్రోలర్లు మాత్రం గట్టివి, రబ్బరు మెంబ్రేన్లు తుడిస్తే చాలావరకు సరిపోతుంది.

జపాన్ నుంచి కొనేటప్పుడు అక్కడివాళ్లు వాడే నాలుగైదు మాటలు నేర్చుకోండి, అనువాద యంత్రం వీటి తేడాను చెరిపేస్తుంది. "దోసా కకునిన్ జుమి" అంటే పనిచేస్తుందని చూశాం అని. "త్సూదెన్ కకునిన్" అంటే కరెంటు పెడితే దీపం వెలిగింది అని, అంతకుమించి ఏ హామీ లేదు. "మికకునిన్" అంటే చూడనే లేదు. "గెంజో-హిన్" అంటే ఉన్నది ఉన్నట్టుగా. "జంక్" అంటే పాడైందని కాదు, ఏమైనా మా పూచీ లేదు, తిరిగి తీసుకోం అని. అందుకే జంక్ కుప్పల్లో బంగారమూ ఉంటుంది, బూడిదా ఉంటుంది. "హకో-సెత్సు" అంటే పెట్టె, పుస్తకం రెండూ ఉన్నాయని. డిస్కు గేములకు ఇంకోటి: పెట్టె పక్కన చుట్టే "ఓబి" అనే కాగితపు పట్టీ. సేకరించేవాళ్లు దానికి ఆశ్చర్యపోయేంత అదనంగా ఇస్తారు. ఆడుకోవడానికే అయితే ఓబి లేనిదే కొనండి, అదే డిస్కు, అదే గేమ్.

యాహూ ఆక్షన్స్ జపాన్‌లో చాలా వేలాలకు స్వయంచాలక పొడిగింపు ఉంటుంది: చివరి 5 నిమిషాల్లో ఎవరైనా పాట పెంచితే గడువు ఇంకో 5 నిమిషాలు జరుగుతుంది. ఆఖరి క్షణంలో దూకి కొట్టేద్దాం అనే ఎత్తుగడ అక్కడ పారదు. మీ గరిష్ఠ మొత్తం ముందే రాసుకుని, అది పెట్టి పడుకోండి. పోటీలో వేడెక్కి పెంచిన పాటలే నన్ను ఎక్కువగా నష్టపెట్టాయి.

ఇప్పుడు కరెంటు. దీన్ని గట్టిగా చెప్పాలి. జపాన్‌లో ఇంటి కరెంటు 100 వోల్టులు. సాటర్న్, ప్లేస్టేషన్, డ్రీమ్‌కాస్ట్ వంటి వాటికి పవర్ సప్లై లోపలే ఉంటుంది, వెనక మామూలు రెండు గుండ్రాల సాకెట్టు. అది రేడియోలకు వాడే తీగతో కూడా సరిపోతుంది. 220 నుంచి 240 వోల్టుల దేశంలో ఆ తీగను నేరుగా గోడకు పెడితే లోపలి సప్లై కాలిపోతుంది. నేను మొట్టమొదట తెప్పించుకున్న జపాన్ కన్సోల్‌ని సరిగ్గా అలాగే పోగొట్టుకున్నాను. టప్‌మన్న శబ్దం, కాలిన వాసన. ఆరు వారాలు ఎదురుచూసిన పెట్టె ఒక్క క్షణంలో అయిపోయింది. అమ్మినవారు హెచ్చరించలేదు, నేనూ వెనకున్న చీటీ చదవలేదు. అందుకే ఎవరికి చెప్పినా మొదట ఇదే చెబుతాను: 100 వోల్టులకు దించే ట్రాన్స్‌ఫార్మర్‌ను కన్సోల్‌తో పాటే ధరలో కలపండి.

విడి అడాప్టర్ వాడే వాటిలో ప్రమాదం ఇంకోలా వస్తుంది. ఫామికామ్, సూపర్ ఫామికామ్ రెండింటికీ 10 వోల్టుల డీసీ కావాలి, ప్లగ్గు మధ్యలో మైనస్. ఎన్‌ఈఎస్ అడాప్టర్ ఇచ్చేది 9 వోల్టుల ఏసీ. ప్లగ్గు పట్టినంత మాత్రాన ఒకటి తీసి ఇంకోదానికి పెట్టకండి. సెగా మెగా డ్రైవ్ మొదటి రూపానికి మధ్యలో మైనస్, రెండో రూపానికి మధ్యలో ప్లస్. అడాప్టర్ లేకుండా అమ్ముతుంటే దాని ఖరీదు మీ లెక్కలో తీసేయాలి. ఏదో అడాప్టర్ జోడించి అమ్ముతుంటే ఏది జోడించారో ఫొటో అడగాలి. బొమ్మ కోసం టీవీకి పెట్టే కేబుల్‌లోనూ ఇలాంటిదే ఒక ఉచ్చు ఉంది: జపాన్ 21 పిన్నుల ఆర్‌జీబీ కేబుల్, ఐరోపా స్కార్ట్ కేబుల్ చూడటానికి ఒకేలా ఉంటాయి, లోపల పిన్నుల అమరిక వేరు. కలిపేస్తే టీవీకో కన్సోల్‌కో దెబ్బ.

ఒక దేశపు గేమ్ ఇంకో దేశపు కన్సోల్‌లో నడవకుండా పెట్టిన ప్రాంతపు తాళాల గురించి క్లుప్తంగా చెబుతాను. ఫామికామ్ కార్ట్రిడ్జ్‌కి 60 పిన్నులు, ఎన్‌ఈఎస్‌కి 72, కన్వర్టర్ కావాలి. అమెరికా సూపర్ నింటెండో అంటే సూపర్ ఫామికామే, అందులో జపాన్ కార్ట్రిడ్జ్‌కి అడ్డం వచ్చేవి రెండు ప్లాస్టిక్ ముక్కలే. సాటర్న్‌కి యాక్షన్ రీప్లే లాంటి కార్ట్రిడ్జ్ చాలు. గేమ్ బాయ్, గేమ్ బాయ్ అడ్వాన్స్‌లకు తాళమే లేదు, అందుకే మొదటిసారి దిగుమతి చేసుకునేవాళ్లకు నేను వాటినే చెబుతాను. తేలిక, బ్యాటరీతో నడుస్తాయి, వోల్టు గొడవ లేదు.

లెక్క వేసి చూపిస్తాను. పరీక్షించి, నెలరోజుల హామీతో మీ దేశంలోనే దొరికే అలాంటి కట్ట ధర 100 అనుకుందాం. జపాన్‌లో పాట 40 దగ్గర ఆగింది. చాలా చవక అనిపిస్తుంది. జపాన్‌లో మీ తరఫున కొని పంపే మధ్యవర్తి సేవ రుసుము, జపాన్ లోపలి రవాణా కలిసి 8. సముద్రం దాటించడానికి 25. ఇప్పటికి 73. చాలా దేశాల్లో సుంకం, పన్ను వస్తువు ధర మీదే కాకుండా రవాణా, బీమా కూడా కలిపిన మొత్తం మీద వేస్తారు. అది 20 శాతం అనుకుంటే దాదాపు 15, అంటే 88. ట్రాన్స్‌ఫార్మర్ 10, మొత్తం 98. నాలుగింట ఒకటి లేజర్ బాగోలేనిది వస్తుందనీ దాన్ని మార్చడానికి 20 అవుతుందనీ పెట్టుకుంటే ఇంకో 5 కలపాలి. 103 తేలింది. దూరపు కొండలు నునుపు అంటే ఇదే. ఇలాంటప్పుడు నేను వెనక నుంచి లెక్కపెట్టుకుని 37 దాటితే పాట ఆపేస్తాను. తిరిగి పంపే వీలు లేదన్నది ఈ అంకెల్లో ఇంకా కలపనే లేదు.

అయితే ఇదే లెక్క కొన్నిచోట్ల మీవైపు తిరుగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఒకసారి కొంటే ఆ తర్వాత కొనే జపాన్ యంత్రాలన్నిటికీ పనికొస్తుంది, వాట్లు సరిపోతే చాలు. గేములు తేలిక, మధ్యవర్తి గోదాములో పదిహేను డిస్కులు పోగుచేసి ఒకే పెట్టెలో తెప్పిస్తే ఒక్కోదానికి రవాణా చిల్లరంత పడుతుంది. అసలు పెట్టెతో ఉన్న కన్సోల్ మాత్రం బరువుకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. కొరియర్లు సాధారణంగా పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి వచ్చిన కిలోలనూ అసలు బరువునూ పోల్చి, ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటాయి. లోపలంతా గాలి ఉన్నా కట్టాల్సిందే. పీఎస్‌పీ లాంటి వాటిలో లిథియం బ్యాటరీ ఉంటే కొన్ని తపాలా మార్గాలు ఒప్పుకోవు. పాతవి ఉబ్బిపోయి ఉంటాయి కూడా, బ్యాటరీ లేకుండా పంపమని అడగడం మంచిది. యెన్ విలువ కూడా చూస్తూ ఉండండి. 2024లో డాలరుకు 160 యెన్లు దాటి పడిపోయినప్పుడు బయటివాళ్లకు అన్నీ చవకయ్యాయి. నిబంధనలు కూడా మారుతుంటాయి: అమెరికా 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఇచ్చిన సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి నిలిపివేసింది, ఐరోపా సమాఖ్యలో 2021 జులై 1 నుంచి మొదటి యూరో మీద కూడా వ్యాట్ పడుతోంది. మూడేళ్ల కిందటి సలహా చదివి పన్ను లేదనుకోకండి.

నకిలీల సంగతి. సాటర్న్ కన్సోల్‌కి నకిలీ లేదు గానీ కార్ట్రిడ్జ్ గేములు కొనేటప్పుడు, ముఖ్యంగా గేమ్ బాయ్ అడ్వాన్స్ పోకెమాన్ గేముల్లో, నకిలీలు విపరీతం. అసలు అడ్వాన్స్ కార్ట్రిడ్జ్ లేబుల్ మీద అంకెలు లోపలికి నొక్కినట్టు చిన్న అచ్చు ఉంటుంది, వేలితో తడిమినా తెలుస్తుంది. అంతకంటే నమ్మదగ్గది విప్పిన బోర్డు ఫొటో. అసలు బోర్డు మీద నింటెండో పేరు ముద్రించి ఉంటుంది. నకిలీల్లో చాలాసార్లు చిప్పు ఉండాల్సినచోట నల్ల జిగురు ముద్ద. నింటెండో పాత కార్ట్రిడ్జ్‌లు చాలావాటిని విప్పడానికి 3.8 మిల్లీమీటర్ల ప్రత్యేక బిట్, అడ్వాన్స్ కార్ట్రిడ్జ్‌లకు మూడు రెక్కల (ట్రై-వింగ్) బిట్, సూపర్ నింటెండో, నింటెండో 64 లాంటి కన్సోళ్లకు 4.5 మిల్లీమీటర్లది కావాలి. అన్నీ కలిపి చాలా చవక, వాటిని కొనకుండా ఖరీదైన కార్ట్రిడ్జ్ కొనకండి. "విప్పను, సీలు పోతుంది" అనే అమ్మకందారు ఖరీదైన గేముకు పూర్తి ధర అడిగితే నేను వెనక్కి తగ్గుతాను.

గేమ్ బాయ్ అడ్వాన్స్ ఎస్‌పీలో ఇంకో రకం మాయ. వెలుతురు ఎక్కువున్న ఏజీఎస్-101 రూపానికి ధర ఎక్కువ. పాతదైన 001కి 101 చీటీ ఉన్న డొక్కు తొడిగి అమ్ముతారు. దీపం బటన్ నొక్కి చూడమనండి: 001లో వెలుతురు పూర్తిగా ఆరిపోతుంది, 101లో ఎక్కువకీ తక్కువకీ మధ్య మారుతుంది తప్ప ఆరదు. పది సెకన్ల వీడియో చాలు.

ఆడుకోవడమే మీ కోరికైతే ఇంకో కొలత కూడా మనసులో పెట్టుకోండి. మెమరీ కార్డులో పెట్టిన గేములను ఆడించే ఎవర్‌డ్రైవ్ లాంటి ఫ్లాష్ కార్ట్రిడ్జ్‌లు, సాటర్న్, డ్రీమ్‌కాస్ట్‌లకు లేజర్ బదులు మెమరీ కార్డు నుంచి చదివించే పరికరాలు, పాత చిప్పుల పనిని ఎఫ్‌పీజీఏ (కావలసినట్టు అమర్చుకోగల చిప్పు) మీద పునర్నిర్మించే మిస్టర్ అనే పరికరం ఉన్నాయి. అసలు యంత్రం, అసలు డిస్కు కొనడం అంటే ఆ వస్తువు మీద ప్రేమకు డబ్బివ్వడం. నేనూ ఇస్తాను, సంతోషంగా ఇస్తాను. కానీ ఎంత భాగం ఆటకు, ఎంత భాగం ప్రేమకు ఇస్తున్నానో నాకు తెలిసే ఇస్తాను. లేజర్ చచ్చిన సాటర్న్ చవకగా వస్తే, అలాంటి పరికరం పెట్టే ఉద్దేశం ఉన్నవారికి అది ఉత్తమమైన కొనుగోలు, మంచి లేజర్‌కి అదనంగా ఇవ్వడం వాళ్లకు దండగ.

న్యాయం అమ్మేవారి వైపు నుంచి కూడా ఉండాలి, దీన్ని చాలామంది వదిలేస్తారు. బోర్డు విప్పి, కెపాసిటర్లు మార్చి, లెన్స్ తుడిచి, గంటసేపు నడిపి వీడియో తీసి పెట్టిన మనిషి మధ్య ధర కంటే పాతిక శాతం ఎక్కువ అడిగితే నేను బేరమాడను. ఆ పని మీరు చేయించుకుంటే అంతకంటే ఎక్కువే అవుతుంది, పైగా అలాంటివాళ్లు ఉంటేనే ఈ యంత్రాలు బతుకుతాయి. ఏ కెపాసిటర్లు మార్చారో బోర్డు ఫొటోతో చూపించమని అడగండి, నిజంగా చేసినవాళ్లు ఉత్సాహంగా చూపిస్తారు. ఇంకో రకం అమ్మకందారులు ఉంటారు, ఇల్లు సర్దుతూ పిల్లల పాత సామాను అమ్మేవాళ్లు. ఒకసారి ఒక పెద్దావిడ అట్టపెట్టె నిండా సూపర్ ఫామికామ్ గేములు చాలా తక్కువకు ఇవ్వబోయారు. అందులో ఒక్క గేమ్ మిగతావన్నీ కలిపినదానికంటే విలువైనది. ఆ మాట ఆవిడకి చెప్పి, దానికి తగ్గ ధర ఇచ్చాను. ఆరు నెలల తర్వాత ఆవిడే ఫోన్ చేసి అటక మీద ఇంకో పెట్టె దొరికిందన్నారు. వ్యాపారి తన ధర తాను చూసుకోగలడు, అక్కడ గట్టిగా బేరమాడండి. తెలియని మనిషి దగ్గర మాత్రం నాకు తెలిసింది దాచి కొనను.

ఇక మీ కట్ట. అమ్మేవారిని మర్యాదగా ఇవి అడగండి: కన్సోల్ వెనక చీటీ ఫొటో, కార్ట్రిడ్జ్ స్లాట్ లోపలి ఫొటో, ఆరు డిస్కుల రెండువైపులా ఫొటోలు, కరెంటు పెట్టిన దగ్గర్నుంచి గేమ్ మొదలై ఐదు నిమిషాలు నడిచే వీడియో. అది ఇప్పటికే మీ దేశంలో ఉన్న సరుకైతే ఏ ట్రాన్స్‌ఫార్మర్‌తో నడుపుతున్నారో కూడా అడగండి, "నేరుగా గోడకే" అన్న జవాబు వస్తే సప్లై మార్చారా అన్నది తేలాలి. ఇవన్నీ ఇస్తే మధ్య ధర ఇవ్వండి. ఫొటోలు ఇచ్చి వీడియో ఇవ్వకపోతే లేజర్ ఖర్చు తీసేసి చెప్పండి. ఏదీ ఇవ్వకుండా "అరుదు" అనే మాటే మళ్లీ చెబితే వదిలేయండి, సాటర్న్ ఇంకోటి వారంలో కనబడుతుంది. ఆ ఆరు గేముల పేర్లు తెలిశాక నాకు చెప్పండి, విడివిడిగా ధర కట్టి చూద్దాం.